సప్తగ్రహాలు సప్తలోకాలు కావు

2017 ఫిబ్రవరిలో బెల్జియం దేశపు లియేజ్ విశ్వవిద్యాలయానికి చెందిన మికాయెల్ గియాన్ నాయకత్వంలోని ఖగోళశాస్త్రజ్ఞుల బృందం ఒక విషయాన్ని ప్రకటించింది. కుంభరాశి దిక్కున సుమారు 40 కాంతి సంవత్సరాల దూరంలో ట్రాపిస్ట్-1 అనే చిన్న ఎర్రని నక్షత్రం ఉన్నది. దాని చుట్టూ పరిమాణంలో భూమికి సన్నిహితమైన ఏడు గ్రహాలు పరిభ్రమిస్తున్నవి. ఏడు అన్న సంఖ్య వినగానే పురాణాభిమాని మనస్సులో సప్తలోకాలు మెదలడం సహజం. మెదిలిన తలపును సిద్ధాంతంగా మార్చి, ఋషులు దివ్యదృష్టితో చూచిన లోకాలనే పాశ్చాత్యులు ఇప్పటికి కనుగొన్నారని వేదికలెక్కి చాటడం మాత్రం శాస్త్రద్రోహం. ఆ ద్రోహం వల్ల ఖగోళవిజ్ఞానానికి వచ్చే నష్టం స్వల్పం. వేదాంతానికి వచ్చే నష్టం అపారం.

ఈ వాదాన్ని పడగొట్టడానికి సామాన్యగణితమే చాలు. భూః, భువః, సువః, మహః, జనః, తపః, సత్యం అనే ఏడింటిలో మొదటిది భూలోకమే. నిత్యం వ్యాహృతులను ఉచ్చరించే ప్రతివాడికీ ఇది తెలుసు. కుంభరాశిలోనే ఏడు లోకాలూ ఉంటే, ఈ వాదం చేస్తున్న పండితుడు కూర్చున్న అరుగు ఏ లోకంలో ఉన్నట్టు?

ఈ వాదానికి ఎదురుగా మరొకటి నిలిచి ఉన్నది. హేతువాదులమని చెప్పుకొనే కొందరు అదే వార్తను చేతపట్టుకొని వేరే ప్రశ్నలు సంధిస్తారు. ఇన్ని భూములు బయటపడుతున్నప్పుడు మేరువు చుట్టూ అల్లిన జంబూద్వీపపు కథలకు విలువ ఏమిటి? సూర్యుడు ఉదయించని గ్రహంలో సంధ్యావందనం ఎవరు చేస్తారు? సనాతనమన్న మాటకు అక్కడ అర్థమేమిటి? మొదటివాడు దూరదర్శినితో పురాణాన్ని నిలబెట్టబోతున్నాడు. రెండవవాడు అదే దూరదర్శినితో దానిని కూల్చబోతున్నాడు. పురాణం ఆకాశవార్తల పత్రిక అన్న ఊహ ఇద్దరిదీ. తగవులాడుకుంటున్నవారు నిజానికి ఒకే ఇంటివారు. వారి తప్పు ఎక్కడున్నదో తేలాలంటే, ఆ గ్రహాల గురించి నిజంగా తెలిసినదేమిటో ముందు చూడాలి. అక్కడ జీవులుండి, వారికి కథలుంటే, అవి ఎలా ఉండగలవో ఆ తర్వాత యోచించాలి.

ఆ గ్రహాలను ఎవరూ కంటితో చూడలేదు. నక్షత్రానికీ దూరదర్శినికీ నడుమ గ్రహం అడ్డు వచ్చినప్పుడు నక్షత్రకాంతి ఒక శాతంలోపు తగ్గుతుంది. ఆ తరుగుదల నియతకాలంలో మళ్ళీ మళ్ళీ కనిపిస్తే అక్కడ గ్రహమున్నదని నిశ్చయిస్తారు. నైయాయికుని పరిభాషలో ఇది అనుమానప్రమాణం: కాంతిక్షయం లింగం, గ్రహం సాధ్యం. పర్వతం మీది పొగను చూచి నిప్పును నిశ్చయించే పద్ధతే ఇది. బి నుంచి హెచ్ వరకు అక్షరాలే ఆ గ్రహాలకు పేర్లు. అన్నిటికన్న లోపలిదైన 'బి' ఒకటిన్నర రోజులోను, అన్నిటికన్న వెలుపలిదైన 'హెచ్' సుమారు 19 రోజులలోను నక్షత్రాన్ని చుట్టివస్తాయి. సౌరకుటుంబంలో బుధుని కక్ష్య లోపల ఆ ఏడు కక్ష్యలూ సులువుగా ఇమిడిపోతాయి.

2023లో జేమ్స్ వెబ్ అంతరిక్ష దూరదర్శిని 'బి' గ్రహపు పగటిభాగాన్ని పరిశీలించింది. అక్కడి ఉష్ణోగ్రత సుమారు 230 డిగ్రీల సెల్సియస్ అని తేలింది. చెప్పుకోదగిన వాతావరణపు ఆనవాలు కనబడలేదు. అదే సంవత్సరం 'సి' గ్రహానికి దట్టమైన కార్బన్ డయాక్సైడ్ ఆవరణం లేదని కూడా తేలింది. సప్తలోకవాది ఇప్పుడు సమాధానం చెప్పాలి. సిద్ధులు, గంధర్వులు సంచరిస్తారని పురాణం వర్ణించిన అంతరిక్షలోకం ఈ మాడిన శిలయేనా? కాదంటే తన పోలిక వీగిపోతుంది. ఔనంటే పురాణం వీగిపోతుంది. పురాణాన్ని గెలిపించడానికి బయలుదేరినవాడు దానిని ఎక్కడ తెచ్చి నిలబెట్టాడో చూడవలసి ఉన్నది.

ఇక్కడ మీమాంసాశాస్త్రం ఒక కఠినమైన నియమాన్ని ముందు ఉంచుతుంది. వేదాంతపరిభాషలో ధర్మరాజాధ్వరీంద్రుడు ప్రమకు చెప్పిన లక్షణం ప్రతి విద్యార్థీ ఎరిగినదే: అంతకు ముందు తెలియనిదై, ఆపైన బాధింపబడనిదై ఉన్న విషయం గురించిన జ్ఞానమే ప్రమ. తెలిసినదానినే తిరిగి చెప్పే వాక్యం అనువాదమాత్రం. దానికి ఆ విషయంలో స్వతంత్రమైన ప్రామాణ్యం లేదు. ఇప్పుడు సప్తలోకవాది కోరుతున్నదేమిటి? శాస్త్రం చెప్పినదానిని దూరదర్శిని ధ్రువీకరించాలని. ధ్రువీకరించిన మరుక్షణం ఆ వాక్యం అనువాదమవుతుంది. దూరదర్శిని ఖండిస్తే బాధితమవుతుంది. ఇది ఉభయతఃపాశరజ్జువు. ఎటు లాగినా ఉరి బిగిసేది శాస్త్రం మెడకే. ఏ ప్రమాణానికి ఏది విషయమో విడదీసి చూపిన పూర్వాచార్యులు ఈ ఉరిని ఎన్నడో తప్పించారు. ఆధునిక అభిమాని దానిని ఏరి తెచ్చి బిగిస్తున్నాడు.

అగ్ని చల్లనిదని నూరు శ్రుతివాక్యాలు చెప్పినా ఆ విషయంలో అవి ప్రమాణం కాజాలవని గీతాభాష్యంలో తేల్చి చెప్పినవారు శంకరభగవత్పాదులే. అది వేదాన్ని తక్కువచేసిన మాట కాదు, వేదానికి దాని స్వక్షేత్రాన్ని ఇచ్చిన మాట. నిప్పు వేడి ఎంతో చర్మం చెబుతుంది. నక్షత్రపు వేడి ఎంతో వర్ణపటం చెబుతుంది. ఇంద్రియాలకు, అనుమానానికి అందనిదే శాస్త్రానికి విషయం. ఈ వ్యవస్థను గౌరవించేవాడు ట్రాపిస్ట్-1 వార్త విన్నప్పుడు ఆనందిస్తాడు, ఆశ్చర్యపడతాడు. పురాణప్రతిని వెదకడానికి మాత్రం పరుగెత్తడు.

లోకమన్న పదం కూడా అభిమానవాదికి సహాయం చేయదు. ఈశావాస్యభాష్యంలో శంకరులు లోకమంటే కర్మఫలాలను అనుభవించే జన్మ అని వివరించారు. లోకం అనుభవక్షేత్రం, గ్రహం శిలామయమో వాయుమయమో అయిన పిండం. ఒకే ఊరిలో, ఒకే పైకప్పు కింద, ఒకడు నరకంలోను మరొకడు స్వర్గంలోను ఉండగలడని పల్లెలో పామరుడు కూడా అంటాడు. ఆ మాట వెనుక ఉన్న లోకశబ్దార్థం పండితునికి తోచకపోవడం విచారకరం.

కకుద్మి కథ పట్ల జరుగుతున్న అన్యాయమూ ఇటువంటిదే. భాగవత నవమస్కంధంలో ఆ రాజు తన కుమార్తె రేవతికి తగిన వరుని అడగడానికి బ్రహ్మలోకానికి వెళతాడు. అక్కడ గానం ముగిసేవరకు కొద్దిసేపు వేచి ఉంటాడు. ఆ కొద్దిసేపట్లో భూమిమీద 27 చతుర్యుగాలు గడిచిపోతాయి. పోతన భాగవతం ద్వారా తెలుగువారికి చిరపరిచితమైన ఈ కథను పట్టుకొని, ఐన్‌స్టీన్ సాపేక్షతాసిద్ధాంతం అందులోనే ఉన్నదని చెప్పడం ఒక పరిపాటి అయినది. సాపేక్షతాసిద్ధాంతానికి సమీకరణం ఉన్నది, పరీక్ష ఉన్నది. కకుద్మి కథకు గుండె ఉన్నది. తాను మనస్సులో ఎంచుకొన్న వరులే కాదు, వారి పుత్రపౌత్రుల పేర్లు కూడా భూమిమీద వినబడవని బ్రహ్మ చెప్పినప్పుడు ఆ తండ్రి నిలిచిన నిలుపులో వైరాగ్యబోధ ఉన్నది. ఆ బోధను తీసివేసి గడియారపు లెక్కను మాత్రం ఉంచుకొన్నవాడు పండును పారవేసి తొక్కను దాచుకొన్నవాడే.

అట్లయితే దూరగ్రహాలను ఊహించడం వేదాంతికి పనికిమాలిన వ్యాపారమా? కానే కాదు. యథావిధిగా ఊహిస్తే అది ఉత్తమమైన వివేకసాధన. అయితే తనకు తెలిసిన కథను అక్కడికి మోసుకుపోయి దించడం ఊహ కాదు. అక్కడి ఆకాశం ఎటువంటిదో ముందు లెక్కించి, ఆ ఆకాశం కింద పుట్టిన జీవికి ఏ కథ తోచగలదో అడగడమే ఊహ. ఏడింటిలో 'ఇ' అనే గ్రహాన్ని తీసుకోవచ్చు. దాని వ్యాసార్ధం భూమి వ్యాసార్ధంలో సుమారు 0.92 వంతు. భూమికి సూర్యుని నుంచి అందే శక్తిలో మూడింట రెండు వంతులు దానికి తన నక్షత్రం నుంచి అందుతున్నది. దానికి వాతావరణం ఉన్నదీ లేనిదీ ఇంకా తేలలేదు. ఉన్నదనుకొని, నీరున్నదనుకొని, చూచే కన్నున్నదనుకొని ముందుకు సాగాలి. ఇక్కడినుంచి లెక్క లెక్కే. కథ మాత్రం కల్పన.

'ఇ' గ్రహపు సంవత్సరం 6.1 భూదినాలు. నక్షత్రానికి అంత దగ్గరగా ఉన్నందువల్ల, చంద్రుడు భూమికి ఒకే ముఖాన్ని చూపినట్టు, అది కూడా తన నక్షత్రానికి సదా ఒకే ముఖాన్ని చూపుతూ ఉండడానికే అవకాశం ఎక్కువ. అట్లయితే ఒక అర్ధగోళంలో పగలు ముగియదు. మరొక అర్ధగోళంలో రాత్రి తెల్లవారదు. రెంటి నడుమ గ్రహాన్ని ఒడ్డాణంలా చుట్టి సంధ్యావలయం ఉంటుంది. నక్షత్రబింబం భూమినుంచి కనబడే సూర్యబింబం కన్న వ్యాసంలో నాలుగు రెట్లు పెద్దది. దాని ఉష్ణోగ్రత సూర్యుని ఉష్ణోగ్రతలో సగమైనా లేదు. అందుచేత అది వెలువరించే శక్తిలో అధికభాగం కంటికి కనబడని పరారుణకిరణాలు. నడినెత్తిన నక్షత్రమున్నా వెలుగు భూమిమీది సాయంకాలాన్ని తలపిస్తుంది.

పగటిసీమలోని జనులకు నీడ కదలదు. కొండ నీడ పడిన చోట తరతరాలుగా నీడే. కనుక నీడ వారికి స్థలం; నీడలో పుట్టినవారు ఒక తెగ; వారి గురించి వెలుగులోనివారు చెప్పే నిందాకథలు వేయి. వారి ఆకాశంలో చుక్కలు లేవు. కదలని బింబం మీదుగా కదిలే నల్లని మచ్చలు మాత్రం ఉన్నవి. లోపలి గ్రహాలైన బి, సి, డి నక్షత్రానికీ 'ఇ'కీ నడుమ దాటిపోయేటప్పుడు, 'బి' సుమారు 2 భూదినాలకొకసారి, 'సి' 4 దినాలకొకసారి, 'డి' 12 దినాలకొకసారి బింబంమీద నల్లని బిళ్ళలై కనిపిస్తాయి. 'డి' బిళ్ళ నక్షత్రబింబపు వ్యాసంలో నాలుగోవంతు ఉంటుంది. చిన్నవాడు ఆరుమార్లు వచ్చిపోతే పెద్దవాడు ఒకమారు వస్తాడు: ఇదే వారి పంచాంగం. ఒక ఊరివారు ఆ ముగ్గురినీ నిప్పు దొంగిలించడానికి వచ్చే దొంగలంటారు. పక్క ఊరివారు పాలు తాగడానికి తల్లి ఒడికి వచ్చే బిడ్డలంటారు. మచ్చ ఒకటే, ఒకచోట శాపనార్థాలు, ఒకచోట జోలపాటలు.

రాత్రిసీమలోని జనులు నక్షత్రాన్ని ఎన్నడూ ఎరుగరు. మంచుమీద నిలిచి వారు చూచేవి దూరపు చుక్కలు, వెలుపలి గ్రహాల వెలుగుబింబాలు. వాటిలో 'ఎఫ్' సుమారు 18 భూదినాలకొకసారి, అంటే తమ లెక్కలో మూడేండ్లకొకసారి, అతిసమీపానికి వచ్చి భూమిమీది నిండుచంద్రునంత బింబంతో ప్రకాశిస్తుంది. దూరమయ్యేటప్పుడు ఆ బింబపు ఒక అంచు కొద్దిగా నలుపెక్కుతుంది. దగ్గరైనప్పుడు మళ్ళీ నిండుతుంది. ఆ బింబాలు తమంతట తామే వెలుగుతున్నవని అక్కడి పామరులందరి నమ్మకం. వారిలో ఒక తార్కికుడు పుట్టి, అంచు నలుపెక్కడాన్ని లింగంగా తీసుకొని, "ఇది అరువు వెలుగు, అరువిచ్చినది మరెక్కడో ఉన్నది, అది ఎవరి కంటా పడదు, దాని వెలుగులోనే అందరూ అందరినీ చూస్తున్నారు" అన్నాడనుకోవాలి. ఊరివారు అతనిని మతిచలించినవాడంటారు. ఒకడు మాత్రం మంచుదారి పట్టి, సంధ్యావలయం దాటి, ఆ మూలతేజస్సును చూచి తిరిగివచ్చి, చెప్పడానికి తన భాషలో మాట లేక మౌనంగా కూర్చుంటాడు.

సంధ్యావలయంలోని జనుల బ్రతుకు వేరు. వారికి దిక్కులంటే వెలుగుదిక్కు, చీకటిదిక్కు, వాటికి అడ్డంగా రెండు పక్కలు. నిలబడ్డ మనిషికి ఒక చెంప వెచ్చన, ఒక చెంప చల్లన. అటువంటివారు తమ దేవునికి సగం ఎర్రని దేహం, సగం నల్లని దేహం ఇస్తే ఆశ్చర్యపడనక్కరలేదు. భూమినుంచి పోయిన అభిమానవాది ఆ విగ్రహాన్ని చూడగానే అర్ధనారీశ్వరుడంటూ చేతులు జోడిస్తాడు. వారు అతని ముఖంలోకి తెల్లబోయి చూస్తారు. వారి విగ్రహం వారి చెంపలమీది చలినుంచీ వేడినుంచీ పుట్టినది. పోలిక కనబడ్డ చోటల్లా మూలం ఒకటేననడం తర్కదోషం.

ఈ మూడు సీమల కథలనూ ఎదుట పెట్టుకొని ఇప్పుడు విడదీయాలి: భూవాసి తత్త్వచింతనలో ఏది ఈ ఆకాశం ఇచ్చినది, ఏది ఆకాశంతో సంబంధం లేనిది? వైశేషికులు ఈ పనికి సాధనాన్ని ఎన్నడో చేసిపెట్టారు. వారి మతంలో కాలం ఒక్కటే, వ్యాపకం, నిత్యం. క్షణం, దినం, మాసం అనే విభాగాలు సూర్యగతివంటి ఉపాధులవల్ల ఏర్పడిన వ్యవహారాలు. దిక్కూ ఒక్కటే, తూర్పు పడమరలు సూర్యోదయాన్ని బట్టి కల్పించుకొన్న పేర్లు. సూర్యుడు కదలని లోకంలో ఉపాధి మారుతుంది, వ్యవహారం మారుతుంది. పగటిసీమలో నల్లబిళ్ళలు కాలానికి ఉపాధులు. సంధ్యావలయంలో వెలుగు దిక్కుకు ఉపాధి. దినం నిత్యమని, తూర్పు సత్యమని ఆ దార్శనికులు ఏనాడూ అనలేదు. దూరగ్రహపు వార్త విని వారు కలవరపడరు. తమ సిద్ధాంతానికి మరొక ఉదాహరణ దొరికిందని సంతోషిస్తారు.

వేదాంతంలో మరింత సూక్ష్మమైన పరీక్ష ఉన్నది. రజ్జుసర్పదృష్టాంతం తెలియని వేదాంతవిద్యార్థి లేడు. తాడు పాముగా తోచడానికి మసకవెలుతురు కావాలి. పట్టపగలు ఆ భ్రాంతి కలగదు, కటికచీకటిలో తాడే కనబడదు. సంధ్యావలయంలో ప్రతి తాడూ పామే కాబట్టి అక్కడి పసిపిల్లవాడికి కూడా ఈ దృష్టాంతం బోధపడుతుంది. పగటిసీమలో గురువు దానిని విడిచి ఎండమావిని చెప్పుకోవాలి. రాత్రిసీమలో అరువు వెలుగు బింబమే దృష్టాంతం: వెలుగు తనదే అనుకొనే బింబం, చైతన్యం తనదే అనుకొనే బుద్ధి. అధ్యాసభాష్యంలో శంకరులు ఆకాశానికి తలాన్నీ మాలిన్యాన్నీ ఆరోపించే అవివేకుల ఉదాహరణ ఇచ్చారు. ఎర్రని వెలుగులో ఆకాశం ఏ రంగున ఉన్నా, దానిని కప్పుగా భావించి రంగు అంటగట్టే అవివేకి అక్కడ కూడా ఉంటాడు. దృష్టాంతాలు ఆకాశం కింద పుట్టి ఆకాశంతో మారిపోతాయి. ఒకదానిపై మరొకదానిని ఆరోపించడం, ఆరోపించినదానికి భయపడడం, భయపడుతున్న తానెవరో ఎరుగకపోవడం మాత్రం మూడు సీమలలోనూ ఒక్కటే. కన్నుండి, నేనన్న స్ఫురణ ఉన్న చోటల్లా అధ్యాస ఉంటుంది. అధ్యాస ఉన్న చోటల్లా వేదాంతవిచారణకు పని ఉంటుంది.

సనాతనశబ్దానికి అర్థమడిగిన హేతువాదికి ఇదే సమాధానం. అతడు జంబూద్వీపాన్ని ఎత్తి చూపి మొత్తం దర్శనం కూలిపోయిందనుకొంటున్నాడు. కర్మకాండ ఏనాడూ తాను దేశకాలాతీతమని చెప్పుకోలేదు. తెలుగునాట ఏ వ్రతానికైనా సంకల్పం చెప్పేటప్పుడు మేరువుకు ఏ దిక్కున, శ్రీశైలానికి ఏ మూలన, ఏ నదుల నడుమ కూర్చున్నదీ, ఏ సంవత్సరం, ఏ మాసం, ఏ తిథి అన్నదీ యజమాని పలికిన తరువాతనే కర్మ మొదలవుతుంది. ఈ కర్మ ఈ చోటిది, ఈ వేళది, ఈ మనిషిది అని ఆ కర్మే తన నోట ఒప్పుకొంటున్నది. అమెరికాలో స్థిరపడిన తెలుగువారి ఇండ్లలో పురోహితులు ఆ దేశనామాలను మార్చి చెప్పడం ఇందువల్లనే సాధ్యమైనది. అస్తమయమెరుగని గ్రహంలో సంధ్యావందనం లేకపోతే ధర్మానికి లోటు లేదు. అధికారి, దేశం, కాలం లేని చోట విధి ప్రవర్తించదని మీమాంసకుడే చెబుతాడు. నదుల పేర్లు సనాతనం కావు, గ్రహాల సంఖ్య సనాతనం కాదు. తెలుసుకొనేవాడి స్వరూపం సనాతనం. దానిని కాదనాలంటే హేతువాది ఆత్మవిచారంలోకి దిగి వాదించాలి. దూరదర్శినిలో కన్నుపెట్టి వాదిస్తే చాలదు.

అభిమానవాదికి చివరగా ఒక ఆశ్రయం మిగిలి ఉన్నది. "ఈ పోలికలు శాస్త్రీయం కాకపోవచ్చు, కానీ వీటివల్ల యువకులు ధర్మం వైపు ఆకర్షితులవుతున్నారు కదా" అంటాడు. ఈ వాదం పైకి మెత్తగా కనబడుతుంది. హాని అంతా ఇందులోనే ఉన్నది. పదహారేండ్ల పిల్లవాడు సప్తలోకాలు కుంభరాశిలో దొరికాయని పెద్దవారి నోట విని గర్వపడతాడు. మూడేండ్ల తరువాత భౌతికశాస్త్రం చదువుతూ, ఆ గ్రహాలలో మొదటిది వాతావరణపు ఆనవాలైనా లేని మండే శిల అని తెలుసుకొంటాడు. ఆనాడు అతడు ఆ పెద్దమనిషిని మాత్రమే కాదనడు. ఉపనిషత్తును కూడా అదే కట్టలో కట్టి అటకమీదికి విసురుతాడు. అసత్యంతో పిలిచినవాడి వెంట వచ్చిన వాడు సత్యం తెలిసిన రోజున తిరిగిపోతాడు. పోయేటప్పుడు, తన్ను తాను తెలుసుకొనే మార్గం ఇంట్లోనే ఉన్నదన్న సంగతి కూడా మరచిపోతాడు. ఇంత నష్టానికి బదులుగా దక్కినది సభలో ఒక్క పూట చప్పట్లు.

అనేకలోకాలను ఊహించడంలో ఈ సంప్రదాయం ఎవరికీ తీసిపోదు. యోగవాసిష్ఠంలో ఒక బ్రాహ్మణుని చిన్న ఇంటిలోపలే ఒక మహారాజ్యం ఇమిడి ఉంటుంది. ఆ ఇంటిలో ఎనిమిది రోజులు గడిచేలోగా ఆ రాజ్యంలో ఒక రాజు జీవితమే గడిచిపోతుంది. మరొక ఉపాఖ్యానంలో శిలాగర్భంలో లోకాలుంటాయి. మడికి సింగన తెలుగుచేసిన వాసిష్ఠరామాయణం ద్వారా ఆ భావన తెలుగువారికి శతాబ్దాల క్రితమే అందినది. అన్ని లోకాలను చూపి వసిష్ఠుడు రామునికి ఏ లోకపు చిరునామా ఇవ్వలేదు. చూచినవన్నీ చిత్తవిలాసమేనని, చూచేవాడిని వెదకమని బోధించాడు. అనేకలోకభావనకు ఈ దేశంలో ఉన్న ప్రయోజనం అది. ఆ ప్రయోజనాన్ని వదలి, మేమే ముందు చెప్పామన్న అతిశయానికి దానిని వాడుకోవడం వసిష్ఠుని ఎదుట కూర్చుని నిద్రపోవడం వంటిది.

ఇప్పుడు దిశ మార్చి చూడవచ్చు. ట్రాపిస్ట్-1 నుంచి చూస్తే సూర్యుడు సింహరాశి దిక్కున, కంటికి ఆనీ ఆనని ఒక మసకచుక్క. 'ఇ' గ్రహపు రాత్రిసీమలో ఒక శాస్త్రజ్ఞుడు ఆ చుక్క చుట్టూ తిరిగే గ్రహాలను కనుగొన్నాడనుకోవాలి. వాటిలో మూడవదానిలో నిప్పుబింబం నిత్యం పుడుతుందని, నిత్యం చస్తుందని, వెలుగునూ చీకటినీ అక్కడి జీవులు విడవకుండా అనుభవించవలసిందేనని అతడు లెక్కగట్టి ప్రకటిస్తాడు. వెంటనే అక్కడి పురాణాభిమాని ఒకడు లేచి, "ఇది మా పెద్దలు చెప్పిన మూడవ నరకం, నిప్పు పుట్టి చచ్చే లోకమని మా కథలో స్పష్టంగా ఉన్నది" అంటాడు. ఆ నరకంలో, కృష్ణాతీరాన ఒక రేవుమెట్టు మీద, ఉదయిస్తున్న ఆ నిప్పుకు ఎదురుగా నిలిచి ఒకడు దోసిట నీరు వదులుతున్నాడు. అక్కడి పండితుని మాట విని ఇక్కడి పండితుడు నవ్వుకోవచ్చు. నవ్విన తరువాత, కుంభరాశివైపు తాను చాచిన వేలిని నిశ్శబ్దంగా ముడుచుకోవాలి.